ఎలుకల వంశచరిత్ర - మన పెళ్ళి విచారణ

మానసిక వ్యాధులకు వంశపారంపర్య కారణాలు వెదకడానికి దేశదేశాల ప్రయోగశాలలు దశాబ్దాలుగా ఎలుకలను పెంచి పోషిస్తున్నాయని చదివినప్పుడల్లా, కందుకూరు, పొదిలి, ఆత్మకూరు ప్రాంతాల పెళ్ళి మధ్యవర్తులను ఒక్కమాట అడిగి ఉంటే విజ్ఞానశాస్త్రానికి ఎంత ఖర్చు మిగిలేదో కదా అనిపిస్తుంది. మనవారు ఇదే పరిశోధనను బస్టాండు పక్క టీకొట్టులో, ఎలుకతో నిమిత్తం లేకుండా, గ్లాసు ఖాళీ అయ్యేలోగా ముగిస్తారు. "పిల్ల బంగారం. కాకపోతే వాళ్ళ చిన్నాయనకు కొంచెం తేడా అంటన్నారన్నా. ఎందుకైనా మంచిది, ఇంకోచోట చూసుకోండి." ఆ చిన్నాయన చేసిందల్లా, తెచ్చిన పొగాకు బేళ్లన్నీ పాట పాడేవాడు లేక నోబిడ్ అయిన రోజున వేలం కేంద్రం గేటు ముందు కూర్చుని నలుగురిలో గట్టిగా ఏడవడం. ఆ ఏడుపు ఇరవయ్యేళ్ల తరువాత అన్న కూతురి సంబంధం దగ్గరికి చేరింది. వంశపారంపర్యానికి ఇంతకంటే గట్టి నిదర్శనం ఏ ప్రయోగశాల చూపగలదు?

శాస్త్రవేత్తల పద్ధతి మరీ నత్తనడక. ఎలుకల్లో ఒక వంశం శుద్ధమైనదని ఒప్పుకోవాలంటే కనీసం 20 తరాలపాటు అన్నాచెల్లెళ్లనే జతకట్టాలట. మేనరికం దగ్గరే ఆగిపోయిన మన పెద్దలు ఈ ఒక్క విషయంలో వెనకబడ్డారని అంగీకరించక తప్పదు. అంత శ్రమపడ్డా ఫలితం అనుకున్నట్టు ఉండదు. జపానులోని క్యోటోలో ఒకామోటో, ఆవోకీ అనే పరిశోధకులు ప్రయోగశాలల్లో పెంచే విస్టార్ జాతి ఎలుకల నుంచి, దానంతటదే రక్తపోటు పెరిగే వంశాన్ని తయారుచేసి 1963లో ప్రకటించారు. దాని పక్కన పోల్చి చూడటానికి అదే మూలం నుంచి రక్తపోటు లేని మరో వంశాన్ని, విస్టార్ క్యోటో పేరుతో, పెంచారు. కాలక్రమంలో రక్తపోటు ఎలుక నిలకడలేని దుడుకుతనానికి, ఏకాగ్రత లోపానికి నమూనాగా వాడుకలోకి వచ్చింది. ఏ రోగమూ లేదని ఎంచిన రెండో ఎలుకేమో మూల నక్కి కూర్చుని, కష్టం రాగానే చేతులెత్తేసి, చివరకు కుంగుబాటుకు నమూనా అయింది. ఈ రెండో ఎలుక మన జిల్లాల్లో పుట్టి ఉంటే విచారణలో దానికి తిరుగుండేది కాదు. నోట్లో నాలుక లేదు, తలెత్తి మాట్లాడదు, ఎవరి జోలికీ పోదు. కట్నం ఎంత పలికేదో ఊహించుకోవచ్చు.

ఆందోళనను కొలిచే పరీక్ష మరీ విచిత్రం. నేల నుంచి అరమీటరు ఎత్తున కూడిక గుర్తు ఆకారంలో నాలుగు దారులు అమర్చి, రెండింటికి గోడలు పెట్టి, రెండింటిని బయలుగా వదిలి, మధ్యలో ఎలుకను దింపుతారు. గోడల చాటు వదిలి రానిదానికి ఆందోళన ఎక్కువని రాసుకుంటారు. మన వైపు అటువంటి ప్రాణిని గడప దాటని పిల్ల అని మెచ్చుకుంటారు. ఆందోళన తగ్గించే డయజిపామ్ మందు ఇస్తే అది ధైర్యంగా బయలు దారుల్లో తిరుగుతుందట. తిరిగిన పిల్లను తరువాత ఎవరు చేసుకుంటారో మాత్రం వారు రాయలేదు. 1977లో పోర్సోల్ట్ బృందం ప్రవేశపెట్టిన ఈత పరీక్షలోనైతే, నీళ్ల గాజుపాత్రలో పెనుగులాట మాని తేలుతున్న ఎలుక ఆశ వదులుకుందని లెక్కగట్టారు. తేలడం ఓపిక దాచుకునే తెలివని సోమశిల కాలువలో ఈత నేర్చిన ఏ పిల్లవాడైనా చెబుతాడు. ఇదే అభ్యంతరాన్ని తరువాత కొందరు శాస్త్రవేత్తలూ లేవదీశారు.

వంశానికి పాత్ర లేదని వారు అనరు. కవలల అధ్యయనాల్లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి వంశపారంపర్యం వాటా దాదాపు 80 శాతమని తేలింది. అయినా అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఆ జబ్బు వస్తే రెండోవారిలో సగం మందికైనా రాదు. 2022లో 76 వేల మందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించి 287 చోట్ల తేడాలు గుర్తించి, ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పమని కూడా వారే రాశారు. ఇంత చూసినవారు ఒక్క వంశం పేరైనా చెప్పకపోవడం మా మధ్యవర్తుల దృష్టిలో చేతకానితనమే. పైగా వీరికి మాట మీద నిలబడే అలవాటు లేదు. మెదడులో సందేశాలు చేరవేసే సెరొటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన ఒక జన్యువు పొట్టి రూపం ఉన్నవారు కష్టాలొస్తే ఎక్కువగా కుంగిపోతారని 2003లో ఒక అధ్యయనం చెబితే లోకమంతా నమ్మింది. 2019లో లక్షల మంది వివరాలు తీసి చూస్తే ఆ జన్యువుతో సహా, కుంగుబాటుకు కారణమని పేరుమోసిన 18 జన్యువులకూ ఆ నింద నిలవలేదు. మన వైపు ఇంతవరకు ఏ చిన్నాయనా ఇలా నిర్దోషిగా బయటపడిన దాఖలా లేదు.

పెంపకం సంగతి మధ్యవర్తుల ముందు ఎత్తకపోవడమే మేలు. మాంట్రియల్‌లో శాస్త్రవేత్త మైకేల్ మీనీ బృందం, పిల్లలను ఎక్కువగా నాకి సాకే తల్లి ఎలుక దగ్గర ఇతర తల్లుల పిల్లలను వదిలితే అవీ తక్కువ బెదురుతో పెరిగాయని చూపింది. ఇది ఊళ్లో తెలిస్తే కోడలిని ఎలా చూసుకున్నారని అత్తవారినే అడగవలసి వస్తుంది.

మన దేశంలో ఒక ఎలుక మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని జంతు నైతిక సంఘం ముందుగా అనుమతించాలి. ఎన్ని ఎలుకలు కావాలో, ఎందుకు కావాలో, వాటికి నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారో కాగితం మీద పెట్టాలి. పెళ్ళి విచారణకు అటువంటి చాదస్తాలేవీ లేవు. ఈ వెసులుబాటును ఇకముందు కూడా కొనసాగించాలని, చిన్నాయనలను జంతు సంరక్షణ చట్టం పరిధిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ చేర్చరాదని మా ప్రాంత మధ్యవర్తుల తరఫున ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను.