మహారాజశ్రీ పండుగ టిక్కెట్టు ధర గారికి

మహారాజశ్రీ సంక్రాంతి బస్సు టిక్కెట్టు ధర గారి సముఖమునకు, ఒంగోలు నుంచి ఒక చిరుద్యోగి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం; నా జేబు సంగతి తమరికి తెలిసిందే.

భోగికి ముందురోజు రాత్రి తమరి దయవల్లనే హైదరాబాదు నుంచి బయలుదేరగలిగాను. 2,300 రూపాయలు. పక్క బెర్తు కుర్రవాడు నెల ముందే కొన్నాడట, 750. ఇద్దరికీ అదే దుప్పటి వాసన, అవే కుదుపులు. అదనంగా సమర్పించుకున్న 1,550కి కిటికీ పక్క చోటైనా దక్కిందా? అదీ అతనిదే.

తమరికి పోటీ లేదా అంటే, ఆ రాత్రికే ఇరవైకి పైగా బస్సులు. పదిమంది అమ్మేచోట ధర దిగివస్తుందని కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. మిగతా పాఠం మా ఊరి కూరగాయల బజారులో వంకాయలమ్మే అవ్వ దగ్గర బోధపడింది. కిలో అరవై అంటుంది. మా అమ్మ పక్క బుట్ట వైపు ఒక్క అడుగు వేయగానే "రా తల్లీ, నలభై ఇయ్యి" అని వెనక్కి పిలుస్తుంది. మొహమాటంతో అక్కడే నిలబడే నాకు మాత్రం అరవయ్యే. పక్కన ఇంకో బుట్ట ఉన్న లాభం కదిలే కాళ్ళకే.

ప్రయాణం రోజు మార్చుకోగలవాడి కోసం తమరి బస్సులన్నీ కొట్టుకుంటాయి. ఆఖరి రోజు సాయంత్రం దాకా సెలవు దొరకనివాడు ఎక్కడికి పోతాడు? పండితులకూ ఇది ఒక పట్టాన తేలలేదు. 1994లో బోరెన్‌స్టైన్, రోజ్ అనే ఆర్థికవేత్తలు అమెరికా విమాన టిక్కెట్లు లెక్కతీసి, పోటీ ఎక్కువున్న దారుల్లోనే ప్రయాణికుడికీ ప్రయాణికుడికీ ధరలో తేడా ఎక్కువన్నారు. 2009లో గెరార్డి, షాపిరో అనే మరో ఇద్దరు "కాదు, పోటీ వస్తే తేడా తగ్గుతుంది" అన్నారు. వారెవరూ భోగి ముందురోజు బస్సెక్కినట్టు లేరు.

రైలెక్కవచ్చు కదా అంటారేమో. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు ఎప్పుడో నిండిపోయాయి. రైల్వేవారూ తమరి శిష్యులే: 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళకు పది శాతం సీట్లు నిండినప్పుడల్లా పది శాతం ధర పెంచే పద్ధతి తెచ్చారు.

ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు ముక్కనుమ రాత్రి తిరుగు టిక్కెట్టు 1,900. అవ్వ సంగతి రాస్తూ ఒకసారి ఫోను చూశాను, 2,150. మా అమ్మలాగే పక్క బస్సు వైపు ఒక్క అడుగు వేశాను. 2,200. వెనక్కి వచ్చేసరికి తమరూ 2,200.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఎల్-7 బెర్తు