విరాళం సరే, ఆధార్ లెక్క?

తాను చదివిన బొంబాయి ఐఐటీకి ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నందన్ నీలేకని 2023లో రూ.315 కోట్లు ఇచ్చారు. అంతకుముందు ఇచ్చినవీ కలిపితే రూ.400 కోట్లు. ఆస్తిలో సగం సమాజానికేనని 2017లోనే భార్య రోహిణితో కలిసి మాట ఇచ్చారు. చాలామంది సంపన్నుల దానధర్మాలు గుడి హుండీతో ఆగిపోయే దేశంలో ఇది మెచ్చుకోవలసిన పని, మెచ్చుకుంటున్నాం.

ప్రజాసేవకుడిగా ఆయన పద్దు మాత్రం వేరు. ఇన్ఫోసిస్ పదవి వదులుకుని 2009లో కేబినెట్ మంత్రి హోదాతో, ఆధార్ జారీ చేసే విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ పగ్గాలు చేపట్టారు. మరుసటి ఏడాది సెప్టెంబరులోనే మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు అందాయి. ఆ వేగం మన సర్కారీ కార్యాలయాలు ఎరుగనిది. చట్టమే వెనకబడింది. ఈ సంస్థకు చట్టబద్ధత ఇచ్చే 2010 నాటి బిల్లును పార్లమెంటు స్థాయీ సంఘం 2011లో తిప్పికొట్టినా నమోదు ఆగలేదు. కోట్లాది మంది వేలిముద్రలు, కంటిపాపల చిత్రాలు పోగయ్యాక, 2016లో గానీ చట్టం రాలేదు. ముందు పని, తర్వాత కాగితం అంటే కంపెనీలో చురుకుదనం అనిపించుకోవచ్చు. పౌరుల ఒంటి గుర్తుల విషయంలో అది చెల్లదు. ఈ తప్పులో అప్పటి ప్రభుత్వ వాటాయే ఎక్కువన్నదీ నిజం.

2014 లోక్‌సభ ఎన్నికల్లో దక్షిణ బెంగళూరులో కాంగ్రెస్ తరఫున పోటీ చేసి, బీజేపీ అభ్యర్థి అనంతకుమార్ చేతిలో రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. నామినేటెడ్ హోదాతో సరిపెట్టుకోకుండా జనం ముందుకు వెళ్లినందుకు ఆయనకు మార్కులు వేయాల్సిందే.

ఇక మన రేషన్ దుకాణాలకు వద్దాం. బీడీలు చుట్టి, మిరపకాయలు కోసి గీతలు అరిగిన వేలిని ఈ-పాస్ యంత్రం గుర్తుపట్టదు. వృద్ధురాలు చీరకొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. ‘పడలేదమ్మా, రేపు రా’ అంటాడు డీలర్. ఆ రేపటికి ఆమె కూలి పోతుంది. గుర్తింపు విఫలమైనంత మాత్రాన ఎవరికీ లబ్ధి ఆపబోమన్న కేంద్రం హామీని సుప్రీంకోర్టు ఆధార్‌పై ఇచ్చిన 2018 తీర్పులో నమోదు చేసింది. బోగస్ కార్డుల ఏరివేతను గొప్పగా చాటుకునే ప్రభుత్వాలు, ఎందరు ఖాళీ సంచులతో తిరిగివెళ్లారో దుకాణం నోటీసు బోర్డు మీద రాయించవు. ఆ లెక్క నెలనెలా బయటపెట్టాలి. ప్రభుత్వంతో సంబంధం లేనివారి చేత తనిఖీ చేయించాలి. దానికయ్యే ఖర్చు భరించగల దాత ఎవరో వేరే చెప్పాలా?