శాలువా కప్పించుకున్న పాఠకుడు

నిన్న సాయంత్రం మా కాలనీ గ్రంథాలయంలో జరిగిన నెలవారీ సాహిత్య సమావేశంలో, అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవల మీద ఒక పాఠకుడిగా నా అభిప్రాయం చెప్పవలసి ఉండగా, ఆ నవల రాసినవాడిగా సన్మానం పొంది ఇంటికి వచ్చాను.

దీనికంతటికీ మూలం ఫ్లెక్సీ. మా కార్యదర్శి గారి దగ్గర ఒక శాశ్వతమైన ఫ్లెక్సీ నమూనా ఉంది. అందులో సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఆవిష్కర్త, రచయిత అంటూ అందరికీ తలా ఒక గడి ఉన్నది కాని, పుస్తకం చదివినవాడికి మాత్రం చోటు లేదు. సాహిత్య సభలో అటువంటి ప్రాణి ఎదురుపడవచ్చునని దానిని తయారుచేసినవారు ఊహించి ఉండరు. నేను ఫోనులో నవల పేరూ నా పేరూ చెప్పాను. ఆయన మొదటిదానిని ‘పుస్తకం’ గడిలోను, రెండవదానిని ‘రచయిత’ గడిలోను వేయించి, బొమ్మ కోసం ఇంటర్నెట్‌లో ‘మంత్రాల బడి’ అని వెతికించి, గుండ్రటి కళ్లద్దాలు పెట్టుకున్న ఒక తెల్లటి కుర్రవాణ్ణి నా ఫోటో పక్కన నిలబెట్టారు. నవలా నాయకుడైన గెడ్‌కు కళ్లద్దాలు లేవు, తెలుపు అంతకంటే లేదు. అతనిది రాగి ఛాయ. రచయిత్రి కావాలనే అలా రాశారు. 2004లో టీవీ వాళ్లు ఆ పాత్రకు తెల్లని నటుణ్ణి పెట్టినప్పుడు ఆవిడ బహిరంగంగానే మండిపడ్డారు. కనుక ఈ అవమానం ఆ నవలకు కొత్త కాదు, నాకే కొత్త.

దీప ప్రజ్వలన, ప్రార్థనా గీతం వగైరాలు వదిలేస్తాను. శాలువా నా భుజాల మీద పడింది. దాని రెండు అంచులనూ పట్టుకున్న ఇద్దరు పెద్దలు, ఫోటో సరిగా రాలేదన్న మాట వినబడి, పట్టు విడవకుండా అలాగే నిలబడిపోయారు. కాబట్టి నేను ముందుకు వంగి మైకు అందుకునే అవకాశం లేకుండా పోయింది. ఆ మైకు కార్యదర్శి గారి చేతిలో ఉంది. ఆయన పుస్తకం లోపలి పేజీలో 1968 అన్న అంకె చూసినట్లున్నారు. ‘1968లోనే ఇంతటి గ్రంథాన్ని మనకు ప్రసాదించిన మన కాలనీ ఆణిముత్యం’ అన్నారు. అప్పటికి నేను పుట్టలేదు. ముందు వరుసలోని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, నా ముఖం చూసి, మళ్లీ లెక్క కట్టి, చివరికి నేను జుట్టుకు వాడే రంగును మెచ్చుకుంటున్నట్లు తల పంకించారు. ఈలోగా కార్యదర్శి గారు అట్ట వెనుక రాసిన నాలుగు వాక్యాలను ఆధారం చేసుకొని, మేకలు కాచుకునే పల్లెటూరి బాలుడు మహా మాంత్రికుడు కావడమన్నది నా స్వీయచరిత్రే అని తేల్చేశారు. మా ఇంట్లో మేకలు ఎన్నడూ లేవు. ఒక గేదె ఉండేది, అది నా మాట వినేది కాదు.

ఆ శాలువా బందిఖానాలో, చెప్పదలచుకున్నదంతా మనసులోనే చెప్పుకున్నాను. గెడ్‌కు శత్రువు ఏ చీకటి రాజ్యపు ప్రభువో కాదు. రోక్ ద్వీపంలోని మంత్రవిద్యాలయంలో, జాస్పర్ అనే తోటి విద్యార్థి ముందు గొప్ప చూపించుకోవాలన్న పంతంతో, ఎప్పుడో చనిపోయిన ఒక సుందరి ఆత్మను పిలవబోయి, దానితోపాటు ఒక నీడను లోకంలోకి రానిస్తాడు. ఆ చీలికను మూసే ప్రయత్నంలో వృద్ధుడైన ప్రధానాచార్యుడు ప్రాణం విడుస్తాడు. కొంతకాలం ఆ నీడకు భయపడి పారిపోయి, ఆ తరువాత దానినే తరుముకుంటూ వెళ్లి, చివరకు గెడ్ దానిని తన పేరుతోనే పిలుస్తాడు. సైన్యాలు లేవు, మహాసంగ్రామం లేదు. నాకు అన్నింటికంటే నచ్చినవాడు అతని మొదటి గురువు ఓగియన్. అంతటి మాంత్రికుడై ఉండి కూడా, వాన వస్తే దానిని పక్కకు మళ్లించకుండా చెట్టు కింద హాయిగా పడుకునే ఆయన్ని చూసి, తడిసి ముద్దయిన శిష్యుడు ముఖం ముడుచుకునే ఘట్టం కోసమైనా ఈ నవల చదవవచ్చు. నచ్చనిదీ ఉంది: ఇందులో ఆడవాళ్ల మంత్రవిద్యకు దక్కేది చిన్నచూపే. ఆ లోటును రచయిత్రి 1990లో ఇదే వరుసలో ‘తెహాను’ అనే నవల రాసి తానే సరిదిద్దుకోవలసి వచ్చింది. ఇదంతా ఎంత చక్కగా కుదిరిందో వినే భాగ్యం నాకొక్కడికే కలిగింది.

ప్రశ్నల సమయంలో, ఎనిమిదో తరగతి చదివే ఒక బుద్ధిమంతుడు లేచి, ‘అంకుల్, మీరు ఆ కళ్లద్దాల అబ్బాయి కథను కాపీ కొట్టారు కదా?’ అని అడిగాడు. అతను అడిగిన హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చింది. పరాయి రచయిత్రి గౌరవానికి సంబంధించిన విషయం కాబట్టి, అప్పుడే చేతికి వచ్చిన మైకులో ‘మనది ఇరవై తొమ్మిదేళ్లు ముందే వచ్చింది బాబూ’ అన్నాను. చప్పట్లు మోగాయి. వెంటనే జనం వేదిక ఎక్కి, ఫోటోల కోసం నన్ను చుట్టుముట్టారు. నవల మొదట్లో, పిన్ని దగ్గర విన్న మంత్రాన్ని అర్థం తెలియకుండా అరిచిన గెడ్ చుట్టూ మేకలన్నీ గుమికూడి వదలకపోతే, వాటిని విడిపించడానికి ఆ పిన్నే రావలసి వస్తుంది. నా కోసం ఎవరూ రాలేదు.

ఈ ఉదయం కార్యదర్శి గారు ఫోను చేసి, నవలకు మంచి స్పందన వచ్చిందని, రెండవ భాగాన్ని త్వరగా పూర్తి చేస్తే మన గ్రంథాలయంలోనే ఆవిష్కరిద్దామని అన్నారు.

‘అది 1971లోనే వచ్చేసిందండీ’ అన్నాను.

‘మాకు ఒక్క మాటైనా చెప్పకుండానా?’ అని ఆయన చాలా నొచ్చుకున్నారు.