వారం దాటి ఆలోచించని క్యాలెండర్

షిఫ్టులు మారుతూ పని చేసేవాళ్లు కూడా ఉంటారని ఈ ఫోన్ క్యాలెండర్లు తయారుచేసేవాళ్లకు ఎప్పుడు తడుతుందో! రెండు పగళ్లు, రెండు రాత్రులు, నాలుగు రోజులు సెలవు. మా రోస్టర్ ఇదే. 8 రోజులకోసారి తిరుగుతుంది. వారానికేమో 7 రోజులు. ‘ప్రతి వారం’ నొక్కితే దేనికీ పనికిరాదు. ఒక్కో డ్యూటీకి విడివిడిగా ‘ప్రతి 8 రోజులకు’ అని పెట్టుకుంటూ కూర్చోవాలి.

నైట్ డ్యూటీ సంగతి మరీ ఘోరం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అని వేస్తే, అర్ధరాత్రి దాటింది కాబట్టి మర్నాడు కూడా డ్యూటీ ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు అది చూసి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకో రోజుకు మార్చేస్తారు. నిజానికి నాకు సెలవు మొదలయ్యేది ఆ రోజే!

ఎవరితోనైనా డ్యూటీ మార్చుకుంటే ఇంకో టెన్షన్. ‘ఈ ఒక్కటేనా, తర్వాతవన్నీనా’ అని అడుగుతుంది. నిద్రకళ్లతో ఉన్న మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? పైనుంచి రోస్టర్ మారిందంటే అన్నీ చెరిపేసి మళ్లీ మొదటినుంచీ కొట్టుకోవాలి. రాత్రంతా పని చేసి వచ్చినవాళ్లు పడుకోవాల్సిన టైమ్ అది. వరస ఒక్కసారి రాసిస్తే మిగతాది అదే తిప్పుకునేలా చేయడానికి ఏం అడ్డం?