ముద్రారాక్షసం గారికి ఒక ఆర్టిస్టు విన్నపం

పాలకొల్లు,
ప్రింటింగ్ షాపు వెనక గది,
రాత్రి పదకొండున్నర.

మహారాజశ్రీ ముద్రారాక్షసం గారి సముఖమునకు,

స్క్రీన్ ప్రింటింగ్ షాపులో గ్రాఫిక్ ఆర్టిస్టు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు కుశలంగానే ఉన్నారని నిన్న డెలివరీ ఇచ్చిన శుభలేఖలు చూశాక తెలిసింది. నా కుశలం రేపు పొద్దున ఓనరు గారు వచ్చాక తేలుతుంది. తమరితో ఒక చిన్న పని పడింది. అదేంటో చివర్లో చెప్తాను, ముందు మన పాత లెక్కలు చూసుకుందాం.

మామూలు జనం తమరిని అచ్చుతప్పు అంటారు. చదువుకున్నవాళ్లు ముద్రారాక్షసం అంటారు. మా షాపులో తమరికి నా పేరే పెట్టారు. డిజైన్ బాగుంటే "కార్డు బాగుందండి, ఇంకు బాగుందండి" అంటారు. తమరు దర్శనమిస్తే మాత్రం "ఎవరయ్యా ఆర్టిస్టు?" అని వెతుక్కుంటూ వెనక గదిలోకి వస్తారు. నేనొకణ్ణి ఇక్కడ పనిచేస్తున్నానని ఊరికి తెలిసేది తమరి పుణ్యమే. డిజైన్ చార్జీ అడిగితే "కంప్యూటరే కదండీ చేసేది" అనే పెద్దమనుషులు, తప్పు దొరగ్గానే కంప్యూటర్‌ని ఒక్క మాటా అనరు. అది విచిత్రం.

తమరి దండయాత్రలన్నీ ప్రూఫ్ దగ్గరే మొదలవుతాయి. పెళ్లికూతురి తండ్రి వస్తాడు. వెంట బావమరిది, ఒక పెదనాన్న గారు. ముందు ఎవరి పేరు వాళ్లు చూసుకుంటారు. తర్వాత ఎదుటివాళ్ల పేరు తమ పేరు కంటే పెద్ద సైజులో ఉందేమోనని చూస్తారు. పెదనాన్న గారి పేరు కింద 'రిటైర్డ్' అనాలా 'విశ్రాంత' అనాలా అన్నది తేలడానికి రెండు టీలు. ఆ తర్వాత, "ఓకే అండి, కొట్టేయండి" అంటారు. ముహూర్తం లైను ఎవరూ చూడరు, అది పంతులు గారి డిపార్టుమెంటు. పైన జానక్యాః శ్లోకమైతే సరేసరి. అందులో తమరు కాపురం పెట్టి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. నేను చేరేటప్పటికే ఉన్న ఫైలు అది. నా ముందున్న ఆర్టిస్టు తన ముందున్నాయన దగ్గర కాపీ చేసుకున్నాడు. రెండు దీర్ఘాలు, ఒక వత్తు లేవు. అవి లేకుండానే పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు, ఆ పిల్లల ఓణీల ఫంక్షన్ కార్డులు కూడా మేమే కొట్టాం. ఒకరోజు ఖాళీగా ఉండి సరిచేద్దామని కూర్చుంటే ఓనరు గారు చెయ్యి పట్టుకున్నారు. "అది కదపకు బాబూ, మనకి అచ్చొచ్చిన శ్లోకం."

ధవళేశ్వరం దగ్గర అంతటి గోదావరికి 1852 నాటికే ఆనకట్ట కట్టేశారు కాటన్ దొర. ఆయన బొమ్మ కాటన్ సంచుల మీద కొట్టే మేము తమరికి ఇప్పటికీ ఒక గట్టు వేయలేకపోయాం.

మేటర్ వాట్సాప్‌లో వస్తుంది. ఫోన్‌లో ఉన్నది యూనికోడ్, మేము పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో ఉన్నవి 'అను' అనే పేరున్న ఫాంట్లు. ఇద్దరిదీ తెలుగే, ఒకరి మాట ఒకరికి తెలియదు. మధ్యలో కన్వర్టర్ అని ఒక దుబాసీ ఉంటాడు. ఆయన మేటర్‌ని మోసుకొస్తూ దారిలో వత్తులు జారవిడుస్తాడు. అవి ఏరుకుని తిరిగి పెట్టడమే నా ఉద్యోగం. ఏరగా మిగిలినవి తమరి ఖాతా.

పూతరేకుల డబ్బాలు గుర్తున్నాయా? ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ ఊళ్లో చుట్టేవాళ్లూ, ఇంకెక్కడో చుట్టి ఆ ఊరి పేరు చెప్పుకునేవాళ్లూ డబ్బా కొట్టించుకుంటున్నారు, రెండర్థాల్లోనూ. అలాంటి ఒక ఆసామికి మూడొందల డబ్బాలు కొట్టాం. ఎర్ర అట్ట మీద బంగారు రంగు, చుట్టూ ముగ్గు బోర్డరు, నా చేత్తో గీసింది. మధ్యలో 'స్వచ్ఛమైన నేతి పాతరేకులు' అని ధగధగా మెరిసింది. కొమ్ముదీర్ఘంలో కొమ్ము ఎగిరిపోయి దీర్ఘం ఒక్కటే మిగిలింది. ఆయన డబ్బా తిప్పి తిప్పి చూసి, "నెయ్యి రాసుకుని తినాలాండీ, పాకకి కప్పుకోవాలాండీ?" అన్నాడు. మనిషి మర్యాదస్తుడు. తిట్టేటప్పుడు కూడా 'అండీ' మానలేదు.

సరే, అవన్నీ నా వేళ్ల తప్పులే అనుకోండి. టైపులో లేకుండా, ప్రూఫ్‌లో లేకుండా, చివరికి పాజిటివ్ అనే నల్లక్షరాల ఫిల్ములో కూడా లేకుండా నేరుగా స్క్రీన్ మీద పుట్టే విద్య ఉంది చూశారూ, అది తమరికే చెల్లింది.

స్క్రీన్ అంటే ఫ్రేముకి బిగించిన మెష్, సన్న జాలీ గుడ్డ. దాని మీద ఎమల్షన్ అనే పూత పూసి చీకట్లో ఆరబెడతాం. పైన పాజిటివ్ పరిచి లైటు వేస్తాం. వెలుతురు తగిలినంత మేరా ఎమల్షన్ గట్టిపడుతుంది. అక్షరం నలుపు కింద ఉన్నది మెత్తగానే ఉండిపోయి, నీళ్లు కొడితే కరిగిపోతుంది. ఆ కన్నంలోంచి ఇంకు దిగుతుంది. చెప్పడానికి ఇంతే. లైటు ఎక్కువైతే వెలుతురు పక్కల నుంచి పాకి సన్న గీతలు మూసుకుపోతాయి, తక్కువైతే ఉండాల్సింది కూడా నీళ్లతో పాటు పోతుంది. వానాకాలంలో మా కాలవ గట్టు మీద ఉతికిన చొక్కాలే మూడు రోజులకి గానీ ఆరవు, ఎమల్షన్ ఎక్కడ ఆరుతుంది? ఓనరు గారింట్లో అమ్మగారి హెయిర్ డ్రయ్యర్ వాడతాం. ఆవిడకి తెలియదు, తమరు చెప్పకండి.

ఈ వ్యవహారంలో ముందు బలయ్యేది చుక్క. 'థ' పొట్టలో చుక్క, 'ఠ' పొట్టలో చుక్క. 'థ'లో చుక్క పోతే భయం లేదు. 'రథోత్సవం' 'రధోత్సవం' అవుతుంది, 'కథ' 'కధ' అవుతుంది, సగం ఊరు అలాగే రాస్తుంది కాబట్టి డబ్బులిచ్చి పట్టుకెళ్లిపోతారు. 'ఠ' అలాంటిది కాదు. చుక్క తీసేస్తే అది 'ర'.

ఒక బ్యాచ్ వాళ్లు పోయినేడు సంక్రాంతి ముందు వచ్చారు. పదో తరగతి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం, నూట నలభై టీషర్టులు, నేవీ బ్లూ మీద పసుపు. మధ్యలో వాళ్ల బడిలో ఉన్న మర్రిచెట్టు కావాలన్నారు. ఆ చెట్టు మీద నేను రెండు రోజులు కూర్చున్నాను. ఊడలు ఒక్కొక్కటే గీశాను. మొదటి షర్టు కొట్టగానే షాపులో అందరం చెట్టు చూసి మురిసిపోయాం. చెట్టు కింద పావంగుళం అక్షరాల్లో బడి పేరు. 'జిల్లా పరిషత్ ఉన్నత పారశాల.' దాని కింద 'మరపురాని మధురస్మృతులు.'

నూట నలభై కొట్టాం, ఆరబెట్టాం, మడతలు పెట్టాం. తీసుకెళ్లడానికి నలుగురు వచ్చారు. నలుగురూ చదివారు, నలుగురూ బాగుందన్నారు. ఒకాయన కొడుకు, రెండో తరగతి, తెలుగు కొత్తగా కూడబలుక్కుంటున్నాడు. పెద్దవాళ్లం మాటని గుర్తుపట్టి వదిలేస్తాం. వాడు అక్షరం అక్షరం చదివాడు. "డాడీ, పారశాల అంటే ఏంటి?"

వాళ్ల నాన్న మొహం చూడాల్సింది. "మట్టి తవ్వే పారలు పెట్టుకునే కొట్టు నాన్నా" అన్నాడు, నా వైపే చూస్తూ.

పుస్తకాలవాళ్లు అదృష్టవంతులు. చివరి పేజీలో తప్పొప్పుల పట్టిక వేసుకుని చేతులు దులుపుకుంటారు. టీషర్టుకి ఆ పట్టిక ఎక్కడ అంటించను, చంకలోనా? ఆ రాత్రి నేనూ, స్క్వీజీ (స్క్రీన్ మీద ఇంకుని నెట్టే రబ్బరు బద్ద) లాగే కుర్రాడూ కూర్చున్నాం. చీపురు పుల్ల ఇంకులో ముంచి, 'ర' పొట్ట మధ్యలో ఆవగింజంత చుక్క. పుల్ల కాస్త వంగితే చుక్క పాకి అక్షరం మొత్తం నిండిపోతుంది. ఊపిరి బిగబట్టి పెట్టాలి. రెండు గంటలకి నేను టీ పెట్టడానికి లేచాను. తిరిగొచ్చేసరికి కుర్రాడు నిద్రమత్తులో మంచి ఊపు మీదున్నాడు. 'ర' కనిపిస్తే చాలు, చుక్క. ముప్ఫై ఒక్క షర్టుల మీద 'మఠపురాని మధుఠస్మృతులు'. "ఏట్రా ఇది?" అంటే, "అన్నింటికీ పెట్టేశానన్నయ్యా, మళ్లీ మాట రాకూడదని" అన్నాడు.

ఆ ముప్ఫై ఒక్కటీ నా జీతంలో పోయాయి. ఇప్పటికీ ఇంట్లో నేల తుడిచేది వాటితోనే. మా ఇంటి నేల నిండా మధుఠస్మృతులే.

ఇక అసలు పని. చుక్క పెట్టడం మర్చిపోయిన షర్టు ఒకటి ఎలాగో వాళ్ల కట్టలో వెళ్లిపోయిందట. సమ్మేళనంలో అది బయటపడింది. వాళ్ల తెలుగు మాస్టారు మైకులో చదివి వినిపించారట. అంతే, వాళ్ల వాట్సాప్ గ్రూపు పేరు 'పారశాల బ్యాచ్' అయిపోయింది. ఈ ఏడు మళ్లీ వచ్చారు, అరవై షర్టులకి. "ఈసారి పారశాల అనే వేయండి బాబూ, చుక్క పెట్టకండి" అని నవ్వుతూ అడ్వాన్స్ ఇచ్చారు. నేనూ నవ్వాను. 'పారశాల' అని నా చేత్తో టైపు చేశాను, ముగ్గురితో ప్రూఫ్ మీద సంతకాలు పెట్టించుకున్నాను. పాజిటివ్ భూతద్దంతో చూశాను.

గాజు పలక మీద దుమ్ము చూడలేదు. ఒక్క నలుసు. అది వెలుతురికి అడ్డం పడ్డ చోట ఎమల్షన్ గట్టిపడలేదు, నీళ్లు కొట్టగానే సూదిబెజ్జమంత కన్నం పడింది. మామూలుగా అయితే మొదటి షర్టు మీదే పట్టేసి, వెనక నుంచి టేపు ముక్క అంటించేస్తాం. ఇక్కడ కుర్రాడు చదివి చూశాడట, మాట సరిగ్గానే ఉందనిపించిందట, అరవై లాగేశాడు. ఆ కన్నం పడ్డది సరిగ్గా 'ర' పొట్ట మధ్యలో. అరవై షర్టుల మీదా 'పాఠశాల'. గుండ్రంగా, ముద్దుగా, నేను పుల్లతో పెట్టిన ఏ చుక్కా అంత చక్కగా రాలేదు.

పొద్దున ఏడింటికి వస్తామన్నారు. "మా పారశాల ఏదండీ?" అని అడుగుతారు. చుక్క పెట్టడం నాకు తెలుసు, ఆరిపోయిన రబ్బరు ప్రింటు మీంచి చుక్క తీయడం తెలియదు. ఎలాగో తమరే చెప్పాలి. కుర్రాడు ఇక్కడే బల్ల మీద పడుకున్నాడు, చీపురు పుల్ల వాడి చెవి మీద ఉంది. లేచేలోపు జవాబు రాయగలరు.

ఇట్లు,
తమరి పేరుతో పిలవబడుతున్న
ఆర్టిస్టు