ఒకే పచ్చిక, రెండు నీతులు

సింగపూర్ ఎస్ప్లనేడ్ పార్కులో లిమ్ బో సెంగ్ స్మారకానికి నాలుగు కంచు సింహాలు కాపలా కాస్తున్నాయి. జపాన్ ఆక్రమణపై పోరాడిన బ్రిటిష్ రహస్య దళం ఫోర్స్ 136 నాయకుల్లో ఒకరైన ఈయన సహచరుల పేర్లు చెప్పమని ఎంత హింసించినా నోరు విప్పలేదు. 1944 జూన్ 29న మలయాలోని బటు గజా జైల్లో కన్నుమూశారు. సరిగ్గా పదేళ్లకు, బ్రిటిష్ పాలనలోనే, ఆ స్మారకాన్ని ఆవిష్కరించారు. అందుకు ఆయన అన్నివిధాలా అర్హులు. ఆయన జీవితగాథ చెక్కిన ఫలకాల్లో ఒకటి తమిళంలో ఉంది.

అదే పార్కులో మరో స్మారకం ఉండేది. ఆజాద్ హింద్ ఫౌజులో నేలకొరిగిన అజ్ఞాత సైనికుడి కోసం 1945 జులై 8న నేతాజీ దానికి శంకుస్థాపన చేశారు. ఐక్యత, విశ్వాసం, త్యాగం అన్న మూడు మాటలు దానిపై చెక్కారు. రెండు నెలలు తిరిగేసరికి బ్రిటిష్ సేనలు తిరిగొచ్చాయి. అప్పట్లో ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనాధిపతిగా ఉన్న మౌంట్‌బాటన్ ఆజ్ఞతో దాన్ని పేల్చేశారు. ఎవరికీ హాని చేయని రాయి అది. చనిపోయినవాళ్ల గుర్తు!

ఫౌజు జపాన్‌తో చేయి కలిపింది కదా అంటారు. నిజమే. 1942లో జపాన్ సేనలు సింగపూర్‌లో ఊచకోత కోసిన చైనీయుల కుటుంబాల కడుపుకోతను మేం తక్కువ చేయం. కానీ ఆ స్మారకం తలుచుకున్నది జపాన్ సేనానిని కాదు, పరాయి పాలనను ధిక్కరించిన సైనికుణ్ణి. మలయా రబ్బరు తోటల కూలీలు కూడా ఆ ఫౌజులో ఉన్నారు. పరాయి సేనను ఎదిరించినందుకు ఒకరికి సింహాల కాపలా, మరొకరికి మందుపాతరా? గెలిచినవాడు తన శత్రువును ఎదిరించినవాడికే వీరుడని పేరు పెట్టి, తనను ఎదిరించినవాడి ఆనవాలు కూడా మిగల్చకపోతే దాన్ని న్యాయమనరు, పగ అంటారు. ఈ పగను ఒకసారి ఒప్పుకుంటే రేపు గద్దెనెక్కే ప్రతివాడూ గునపం పట్టుకునే వస్తాడు.

సింగపూర్ ఆ పగను మోయలేదు. 1995లో, ఫౌజు స్మారకం ఉన్న చోటే తెరిచిన పుస్తకం ఆకారంలో గుర్తు నిలబెట్టింది. జపాన్ చేతిలో అన్ని ప్రాణాలు పోగొట్టుకున్న నగరం అది. దానికున్న పెద్దమనసు బ్రిటన్‌కు లేకపోయింది.

మరి మనకు? కూల్చమన్న ఆ మౌంట్‌బాటన్‌నే రెండేళ్లు తిరక్కుండా స్వతంత్ర భారత తొలి గవర్నర్ జనరల్‌గా కూర్చోబెట్టుకున్నాం. ఫౌజు సైనికులను మాత్రం మన సైన్యంలోకి తిరిగి రానివ్వలేదు. నేతాజీ జయంతికి దండలు మోసుకొచ్చే నాయకులు ముందు దీనికి జవాబు చెప్పాలి.