గ్రేడు చెప్పి ధర అడిగేవాళ్ళ గురించి

పాత డబుల్ బ్యారెల్ తుపాకుల బేరాల్లో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ‘ఇది డీహెచ్ గ్రేడు, ఇంతకు తగ్గేది లేదు’ అనే మాట. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, మెరిడెన్‌లో పార్కర్ బ్రదర్స్ తయారుచేసిన తుపాకులకు ట్రోజన్, వీహెచ్, జీహెచ్, డీహెచ్ మొదలుకొని ఏ1 స్పెషల్ దాకా గ్రేడులున్న మాట నిజమే. గ్రేడు పెరిగేకొద్దీ నగిషీ చిక్కబడుతుంది, వాల్‌నట్ కర్ర మేలురకమవుతుంది. లోపలి యంత్రాంగం మాత్రం చాలావరకు ఒకటే. పైగా గ్రేడు కనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు. గొట్టాలు విప్పితే, అవి ఆనే చదునైన ఉక్కు మీద క్రమసంఖ్యతో పాటు గ్రేడు గుర్తూ కొట్టి ఉంటుంది: 2 అంటే జీహెచ్, 3 అంటే డీహెచ్.

విలువ తేల్చడమే కష్టం. ఎముకల బొగ్గులో కాల్చినప్పుడు ఉక్కుపై తేలిన నీలం, గోధుమ రంగుల పొడ చేతులు తగిలే చోట అరిగిపోయి, మూలల్లో మాత్రమే మిగలడం సహజం. నగిషీ గీతల అంచులు మొద్దుబారి ఉండగా రంగు మాత్రం నిన్న వేసినట్టు మెరుస్తోందంటే, ఎవరో సానపట్టి మళ్ళీ రంగెక్కించారన్నమాట. మరమేకుల తలల్లోని గాళ్ళు చెదిరి ఉంటే చేయి తిరగనివాడెవడో విప్పాడని అర్థం. అన్నిటికన్నా ఘోరం గొట్టాలు కోయడం. కొన దగ్గర రెండు గొట్టాలూ దాదాపు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో సందు కనిపిస్తే, లేదా ఆ సందును లోహంతో పూడ్చి ఉంటే, కొసన ఉండవలసిన చోక్, అంటే గొట్టం లోపలి ఇరుకు, కూడా పోయినట్టే లెక్క.

బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు (అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది), సంగతి సరేసరి: 12 బోరు కొల్లలు, 28 బోరు అరుదు, కనుక తక్కువ గ్రేడైనా చిన్న బోరుకు ధర ఎక్కువ పలకవచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసిన పాతకాలపు డమాస్కస్ గొట్టాలైతే గోడ మందం కొలిపించకుండా ఈనాటి తూటా పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

నా మటుకు నేను, ఎవరూ చేయి పెట్టని వీహెచ్‌కు, మెరుగులు దిద్దిన డీహెచ్ కన్నా ఎక్కువ ఇస్తాను. పార్కర్ సేకర్తల సంఘం, కంపెనీ పాత పుస్తకాల్లో ఆ సంఖ్యకు వివరాలు మిగిలి ఉంటే, తుపాకీ ఏ గ్రేడులో, ఎంత పొడవు గొట్టాలతో బయటికి వెళ్ళిందో ఉత్తరం రాసిస్తుంది. అమ్మేవారు ఆ ఉత్తరమైనా చూపాలి, లేదా నా ఎదుట గొట్టాలు విప్పి, గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందుభాగపు చెక్కలోని ఇనుము మీద కూడా అదే క్రమసంఖ్య ఉందని చూపాలి; రెండూ కుదరవంటే నేను ధర అడగను.